గండుపిల్లి, తెలుగక్షరం, పదిహేనేళ్ళు



చాలనాళ్ళకు మళ్ళీ ఒక పొడుగాటి టపా. ఓపిక గలవారే చదువగలరు. వృత్తిరీత్యా నేను తెలుగు పండితుణ్ణి. విభక్తులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అట్టివాడు జావా సర్వర్ల చరిత్ర వ్రాయబూనడం చూచి కొందరు నవ్వుకోవచ్చు, తప్పులేదు. కాని నా మాటలు మూడువందల పన్నెండు ఈ చరిత్రలోనే ఒక మలుపువద్ద పోయాయి. అవి ఎట్లా పోయాయో తెలుసుకోవడానికి ఈ చరిత్ర అంతా చదువుకోవలసి వచ్చింది. చదివినది మీతో పంచుకొంటే కొంత బరువు దిగుతుందని ఈ ప్రయత్నం.

మా మండలంలో చేనేత కుటుంబాలు ఎక్కువ. బడిలో చేరిన తొలినాళ్ళనుండి ఏటా తొమ్మిదవ తరగతి పిల్లలచేత నేను ఒక పని చేయించేవాణ్ణి. ఇంట్లో తాతనో అమ్మమ్మనో అడిగి మగ్గానికి సంబంధించిన మాటలు అయిదు వ్రాసుకొని రావాలి. పడుగు, పేక, నాడె, ఆసు వంటివి అందరూ ఎరిగినవే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటం వ్యవసాయపదాలతో 1962లోను, రెండవది చేనేతపదాలతో 1971లోను వెలువడ్డాయి. ఆ మహాప్రయత్నానికి అందని మాటలు మా ఊళ్ళ మగ్గాలగుంటల్లో ఇంకా ఉన్నాయని నా పట్టుదల. ఇరవయ్యేళ్ళలో రెండువేల పైచిలుకు మాటలు పోగుపడ్డాయి.

2007లో నా పూర్వవిద్యార్థి ఒకడు, అప్పటికే హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగి, వీటన్నిటినీ యూనికోడులోకి ఎక్కించి ఎవరైనా వెదుకుకొనేటట్లు ఒక జావా అప్లికేషను తయారుచేసి ఇచ్చాడు. ఆ రోజుల ఉత్సాహం మీకూ గుర్తుండే ఉంటుంది. లేఖినిలో టైపుచేయడం, కూడలిలో మన పేరు కనబడిందా అని గంటకొకసారి చూచుకోవడం! ఏడాది తిరగకుండానే అతడు విదేశానికి వెళ్ళిపోయాడు. అద్దెకు తీసుకొన్న సర్వరు, దాని సంకేతపదం, రెండు పుటల సూచనలు నా చేతికి వచ్చాయి. ఆ సర్వరులో కూర్చొని నా మాటలకు కాపలా కాస్తున్నవాడి పేరు టామ్‌క్యాట్. అనగా గండుపిల్లి.

ఈ గండుపిల్లి పుట్టుక తెలియాలంటే కొంచెం వెనుకకు వెళ్ళాలి. జాలపుటలు తొలుత అచ్చుపుస్తకంలోని పేజీలవంటివే. వ్రాసి పెట్టినది వ్రాసినట్లు పంపడమే సర్వరు పని. అడిగినవారినిబట్టి జవాబు మారవలసినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థవారు సీజీఐ అనే పద్ధతి చూపారు. అది పనిచేసింది కాని దుబారా పద్ధతి. వచ్చిన ప్రతి అతిథికి ఒక వంటవాణ్ణి కబురుపెట్టి పిలిపించి, పొయ్యి వెలిగించి, భోజనం కాగానే పొయ్యి ఆర్పి అతణ్ణి ఇంటికి పంపివేయడం వంటిది. పదిమంది వస్తే ఫరవాలేదు, పదివేలమంది వస్తే వంటవాళ్ళు నిలువడానికే చోటు చాలదు.

జావా భాషను కన్న సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఈ చిక్కుకు వేరొక మార్గం వెదికింది. వంటవాడు ఇంట్లోనే ఉంటాడు, పొయ్యి ఆరదు, వచ్చినవారికి వచ్చినట్లు వడ్డిస్తాడు. ఈ ఊహకు సర్వ్‌లెట్ అని పేరు. 1996లో జరిగిన తొలి జావావన్ సభలో దీని ప్రస్తావన బహిరంగంగా వచ్చింది. సన్‌లో పనిచేసిన పావ్నీ దివాన్‌జీ చేతుల్లో ఇది ఒక నిర్దిష్ట లక్షణగ్రంథంగా రూపుదిద్దుకొని 1997 జూనులో స్థిరపడింది. లక్షణగ్రంథం ఉన్నంతమాత్రాన చాలదు, లక్ష్యమూ కావాలి కదా! సూత్రం ఇట్లా ఉన్నది, ఇదిగో దానికి ఉదాహరణ అని చూపడానికి ఒక సర్వరు కావాలి. ఆ లక్ష్యాన్ని కొత్తగా వ్రాసినవాడు జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్. అతడు వ్రాసినదే టామ్‌క్యాట్.

పేరు వెనుక కథ సరదాగా ఉంటుంది. తన పని ఏనాటికైనా అందరి సొత్తు కావాలని డేవిడ్‌సన్ కోరిక. అట్టి సాఫ్టువేర్లమీద ఓరైలీ సంస్థ పుస్తకాలు వేసేది, ఒక్కొక్క పుస్తకం అట్టమీద ఒక్కొక్క జంతువు బొమ్మ. కనుక జంతువు పేరే పెట్టాలనుకొన్నాడు. ఎవరి పోషణా లేకుండా తన బ్రతుకు తాను బ్రతకగలిగినది ఏది అని ఆలోచించి గండుపిల్లిని ఎన్నుకొన్నాడు. తీరా 2003లో ఆ పుస్తకం వచ్చేనాటికి గండుపిల్లి బొమ్మ వేరొక పుస్తకానికి పోయింది. దీనికి మంచుచిరుత దక్కింది. పిల్లిజాతే కనుక ఊరట.

డేవిడ్‌సన్ కోరిక 1999 జూనులో తీరింది. ఆ ఏటి జావావన్ సభలో సన్ ఈ సర్వరును అపాచీ ఫౌండేషనుకు అప్పగిస్తున్నట్లు ప్రకటించింది. అపాచీవారికి అప్పటికే జేసర్వ్ అనే స్వంత సర్వ్‌లెట్ యంత్రం ఉన్నది. ఈ రెండు ధారలు కలిసి అదే ఏడాది టామ్‌క్యాట్ 3.0గా వెలువడ్డాయి. ఈ పనికోసం ఏర్పడిన ప్రాజెక్టుకు జకార్తా అని పేరు. చర్చలు ఎక్కువగా సాగిన సన్ కార్యాలయపు సమావేశమందిరం పేరు అది. జావా ద్వీపంలోని మహానగరం పేరు కావడంవల్ల అతికినట్లు సరిపోయింది. ఈ పేరును గుర్తుపెట్టుకోగలరు, మళ్ళీ వస్తుంది.

ప్రసక్తానుప్రసక్తంగా ఇంకొక మాట. టామ్‌క్యాట్‌ను కూర్చడానికి అప్పట్లో మేక్ అనే పాత పనిముట్టు వాడేవారు. దానిలో పంక్తి మొదట ట్యాబు ఉండవలసినచోట ఖాళీ పడితే పనంతా చెడుతుంది. కంటికి రెండూ ఒకటే. ఆ బాధ పడలేక డేవిడ్‌సన్ వ్రాసుకొన్న చిన్న పనిముట్టే ఆ తరువాత ప్రపంచమంతా వాడిన యాంట్. కంటికి కనబడని గుర్తులతో పడే బాధ నాకు తెలుసు. విద్యార్థుల ఛందోవిభజనలో అరసున్న కోసం వెదికిన కళ్ళు ఇవి.

ఆపైన గొడవలూ వచ్చాయి. అప్పగింత జరిగిన కొన్నాళ్ళకే క్రెయిగ్ మెక్‌క్లానహన్ అనే నిపుణుడు లోపలి కట్టడాన్ని పునాదులనుండి తిరగవ్రాసి కాటలీనా అని పేరు పెట్టాడు. పాతకట్టడమే బాగుచేసుకొందామన్నవారు కొందరు. ఒకే ఇంట్లో రెండు గండుపిల్లులు! మాటలు పెరుగుతున్న ఆ వాతావరణంలో 2000 సంవత్సరారంభంలో డేవిడ్‌సన్ ఒక చిన్న పత్రం వ్రాశాడు. తిరుగుబాటుదారులకు నియమాలు అని దాని శీర్షికకు తెలుగు చెప్పుకోవచ్చు. సారాంశం ఏమనగా, కొత్తమార్గం త్రొక్కదలచినవాడికి ప్రక్కగా ఒక చోటు ఇవ్వాలి. అతడు స్వేచ్ఛగా పని చేసుకోవచ్చు. కాని సభ్యులు ఒప్పుకొనేదాకా అసలు పేరును వాడుకోరాదు. మన గ్రాంథిక వ్యావహారిక వివాదకాలంలో ఇట్టి నియమపత్రం ఒకటి ఉండి ఉంటే ఎంత కాగితం మిగిలేదో! ఇక్కడ మాత్రం ఇరుపక్షాలూ పనిచేస్తూనే ఉన్నాయి. పాతశాఖ 3.3 దాకా నడిచింది. కాటలీనా 2001లో టామ్‌క్యాట్ 4.0గా పట్టాభిషేకం పొందింది. నేటికీ టామ్‌క్యాట్ గుండెకాయ పేరు కాటలీనాయే. వాకిట నిలిచి వచ్చినవారిని పలుకరించే భాగం పేరు కొయోటీ, అదొక అడవినక్క.

ఇక నా వాకిటికి వస్తాను.

2009లో సర్వరు అద్దెకిచ్చినవారు తమ పాతయంత్రం తీసివేస్తున్నామని, కొత్తదానికి మారాలని కబురుపెట్టారు. పూర్వవిద్యార్థి ఇచ్చిన సూచనలను బట్టి నేనే మార్చాను. టామ్‌క్యాట్ 5.5ను విప్పి పెట్టడం, అప్లికేషనును వెబ్‌యాప్స్ అనే అరలో వేయడం, పదాల పట్టికలను మైసీక్వెల్‌లోకి ఎక్కించడం. రాత్రి పదకొండుకు పుటలు తెరుచుకొన్నాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆనాటి గర్వం ఇప్పటికీ సిగ్గు కలిగిస్తుంది.

అంతకుముందునుండే ఒక లోపం ఉన్నది. పదాలు అకారాదిగా చూస్తే కనబడేవి. క్రొత్తవి చేరిస్తే చేరేవి. వెదికితే మాత్రం దొరికేవి కావు. నాడె అని టైపుచేసి వెదికితే దొరకలేదని చెప్పి, వెదికిన మాటను క్రింద చూపేది. ఆ చూపిన మాట నాడె కాదు. తలపై వంకరగీత గల రోమను ఏ అక్షరం, ప్రక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ గుర్తు, రెండు చుక్కలు. మళ్ళీ అదే ఏ, అదే డిగ్రీ, ముప్పాతిక భిన్నం. మళ్ళీ ఏ, డిగ్రీ, తలక్రిందులైన ఆశ్చర్యార్థకం. చివర ఏ, కూడిక తీసివేత గుర్తులు ఒకదానిక్రింద ఒకటి. ఇది ఏ లిపి?

వేసవి సెలవుల్లో దీనిపై కూర్చొన్నాను. వైద్యుడు నాడి చూచినట్లు సర్వరుకు చూడవలసినది చిట్టాలు. లాగ్ దస్త్రాలకు నేను పెట్టుకొన్న పేరు అది. ఎవరు ఏ పుట అడిగారో వ్రాసే చిట్టా టామ్‌క్యాట్ 5.5లో అమరికల దస్త్రంలోనే వ్యాఖ్యాచిహ్నాల నడుమ నిద్రపోతూ ఉండేది. ఆ చిహ్నాలు తీసివేసి మేలుకొల్పాను. నాడె కోసం వెదికి చిట్టా తెరిచాను. శాతం గుర్తు తరువాత రెండేసి గుర్తులుగా ఒక బారు కనబడింది. మొదటి మూడు జంటలు ఈ0, బీ0, ఏ8. యూనికోడు పట్టిక తెచ్చి కాగితంమీద లెక్కకట్టాను. అది అచ్చంగా న. తరువాతి మూడు దీర్ఘం, ఆపై మూడు డ, చివరి మూడు ఎత్వం. బ్రౌజరు పంపినది సరిగానే పంపింది. గడపదాకా నాడె క్షేమంగానే వచ్చింది. గడప దాటిన తరువాత రూపం మారిపోయింది.

దీనికి కారణం చెప్పాలంటే చిన్న లెక్క అవసరం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. తెలుగు అనే మాటలో సంకేతాలు ఆరు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. మొత్తం పద్దెనిమిది బైట్లు. చిరునామాపట్టీలో శాతం గుర్తులతో ప్రయాణం చేస్తే యాభైనాలుగు గుర్తులు. ఇక లాటిన్-1 అనే పద్ధతి ఉన్నది. పశ్చిమయూరపు భాషలకోసం ఏర్పడినది, దానిలో ఒక్కొక్క బైటు ఒక అక్షరం. యూటీఎఫ్-8లో వచ్చిన పద్దెనిమిది బైట్లను లాటిన్-1 కళ్ళద్దాలతో చదివితే పద్దెనిమిది యూరపు అక్షరాలు కనబడతాయి. తెలుగుసంకేతం ఏదైనా మొదటి బైటు ఒక్కటే, అదే ఆ వంకరగీత ఏ. రెండవ బైటు రెండే రకాలు. తెలుగుపట్టికలో మొదటి సగంలో ఉన్నవాటికి డిగ్రీ గుర్తు, రెండవ సగానికి కూడిక తీసివేతల గుర్తు. అచ్చులు, హల్లులు, రెండు మూడు గుణింతాలు మొదటి సగం. కొమ్ములు, ఎత్వాలు, ఒత్వాలు, పొల్లు రెండవ సగం. ఈ సూత్రం దొరికిన తరువాత ఆ పిచ్చిగీతలు నాకు చదువవచ్చాయి. మా అమ్మాయి పరీక్షించడానికి ఒక మాట అట్లా చూపిస్తే పెన్సిలుతో విప్పి చెప్పాను.

జావాకు తెలుగు తెలియక కాదు ఈ తప్పు జరిగింది. ఇది నన్ను చాలాకాలం ఆశ్చర్యపరచిన విషయం. తెలుగు 1991నాటి యూనికోడు మొదటి కూర్పులోనే ఉన్నది. జావా 1995లో లోకానికి వెల్లడైనప్పుడే తన అక్షరాలన్నీ యూనికోడు అని చాటుకొన్నది. జావాలో చలరాశికి పడుగు అని తెలుగులిపిలో పేరు పెట్టినా ఒప్పుకొంటుంది. ఇంటి లోపల ఇంత ఆదరం. గడపవద్ద నిలిచినవాడికి మాత్రం వేరే ఆజ్ఞ. 1999 జూనులో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నిబంధన, లిపి పేరు చెప్పకుండా వచ్చిన పాఠాన్ని లాటిన్-1గా భావించమన్నది. సర్వ్‌లెట్ లక్షణమూ దానినే అనుసరించింది. అడిగినవాడు లిపి పేరు చెప్పనిచో లాటిన్-1 అనుకో! బ్రౌజర్లు ఆ పేరు చెప్పేవి కావు. చిరునామాలో వచ్చే మాటకైతే లిపి పేరు చెప్పడానికి చోటే లేదు. టామ్‌క్యాట్ తొలికూర్పు, ఈ నిబంధన ఒకే ఏడాది బిడ్డలు.

2001నాటి సర్వ్‌లెట్ 2.3 లక్షణంలో కొంత వెసులుబాటు వచ్చింది. ఫారం లోపల మడిచి పంపిన పాఠాన్ని ఏ లిపిగా చదవాలో ప్రోగ్రాము వ్రాసేవాడు ముందుగా చెప్పవచ్చును. మావాడు అది చేశాడు, అందుకే పదాలు చేర్చడంలో ఇబ్బంది లేదు. చిరునామాపట్టీలో వచ్చే వెదుకుమాటకు ఆ ఆజ్ఞ వర్తించదు. దానికి సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే దస్త్రంలో కనెక్టరు అన్నచోట యూఆర్ఐఎన్‌కోడింగ్ అని ఒక గుణాన్ని చేర్చి దాని విలువ యూటీఎఫ్-8 అని వ్రాయాలి. అంతే, ఒక్క పదబంధం. అది తెలుసుకోవడానికి నాకు పందొమ్మిది రోజులు పట్టింది. వ్రాశాను. సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. నాడె అని టైపుచేసి వెదికాను.

దొరికింది.

నాడె అనే ఆరోపము, దాని ఎదుట అర్థం. లేచి వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు చెప్పి వచ్చాను. తిరిగివచ్చి ఇంకొకటి వెదికాను, ఇంకొకటి. అయిదవదో ఆరవదో మాటకు జవాబు రాలేదు. అకారాదిలో ఆ మాట ఉండవలసినచోట చూస్తే ప్రశ్నార్థకాలు. మరొకచోట మళ్ళీ ప్రశ్నార్థకాలు. లెక్కపెట్టాను, మూడువందల పన్నెండు ఆరోపాలు, అర్థాలతో సహా.

జరిగినది ఇది. మైసీక్వెల్‌కూ అప్రకటితంగా పట్టుకొనే లిపి లాటిన్-1. దానికితోడు స్వీడను అకారాది. స్వీడనువారు కట్టిన యంత్రం కనుక. ఆ అలవాటు 2018లో వచ్చిన 8.0 కూర్పుతోగాని మారలేదు. పాత సర్వరులో ఎవరో దానిని సరిచేసి ఉంచారు, కొత్తదానిలో చేయలేదు, నాకు తెలియదు. జావాకు, ఆ పట్టికలకు నడుమ ఉండే వంతెన తెలుగును చదివి తేవడంలో పొరపడదు, వ్రాయడంలోనే పొరపడుతుంది. తెలుగక్షరానికి లాటిన్-1లో చోటు లేదు. చోటు లేనప్పుడు అది ప్రశ్నార్థకం వ్రాసి ఊరుకొంటుంది. నేను కొత్త సర్వరుకు మారిన తరువాత దిద్దిన పదాలన్నీ ఇట్లా నశించాయి.

మరి ఇన్నాళ్ళూ కనబడలేదే? అదే అన్నిటికంటె బాధాకరం. వేగంకోసం మావాడు పదాలన్నిటినీ టామ్‌క్యాట్ తన మెమరీలో ఉంచుకొనేటట్లు వ్రాశాడు. నేను దిద్దిన రూపం మెమరీలో సరిగా ఉన్నది, పట్టికలో ప్రశ్నార్థకాలు పడ్డాయి. పుటపై చూపేది మెమరీలోనిది. కనుక దిద్దిన మాట దిద్దినట్లే కనబడేది. వెదుకులాట బాగుపడాలని నేను సర్వరును ఆపినప్పుడు ఆ మెమరీ తుడిచిపెట్టుకొనిపోయింది. ఆ మాటల చిట్టచివరి మంచిప్రతి అక్కడే ఉండినది, దానిని ఆర్పినది నేనే. ఆపకముందు జేమ్యాప్ అనే పనిముట్టుతో ఆ మెమరీ అంతటినీ ఒక దస్త్రంగా దించుకొని ఉండవచ్చునని ఆ తరువాత తెలిసింది. అద్దెకిచ్చినవారు దాచే ప్రతులు ఏడురోజులవే. నేను దిద్దుబాట్లు చేసి ఏడురోజులు ఎప్పుడో దాటాయి. మారడానికి ముందు దించుకొన్న ప్రతి ఉన్నదా అంటే, మార్పు సవ్యంగా జరిగిందన్న ధీమాతో చెరిపివేశాను.

తాళపత్రాలు పరిష్కరించేవారు రెండు రకాల దోషాలను వేరుగా చూస్తారు. లేఖకదోషం ఒకటి, గ్రంథపాతం మరొకటి. లేఖకుడు తప్పుగా వ్రాసినది ఎంత వికారంగా ఉన్నా అసలు పాఠపు జాడ దానిలో ఉంటుంది, ఊహించి సరిచేయవచ్చు. పురుగు తిన్నచోట ఏమీ ఉండదు. చుక్కలు పెట్టి గ్రంథపాతమని వ్రాయడమే. సర్వర్ల విషయంలోనూ ఇదే. వంకరగీత ఏలు, డిగ్రీ గుర్తులు చూచి జనం భయపడతారు. కాని అది లేఖకదోషం మాత్రమే. బైట్లన్నీ ఉన్నాయి, కళ్ళద్దాలు మారిస్తే చాలు, ఒక్క అక్షరం పోదు. ప్రశ్నార్థకాలు చక్కగా, అమాయకంగా కనబడతాయి. అవి గ్రంథపాతం.

పూర్తిగా శూన్యం కాదు. ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క ప్రశ్నార్థకం. పేక అయితే మూడు, నాడె అయితే నాలుగు, పడుగు అయితే అయిదు. ఖాళీలు, కామాలు, రోమను అంకెలు లాటిన్-1కూ తెలుసు కనుక అవి మిగిలాయి. మాంసం పోయి అస్థిపంజరం మిగిలినట్లు ప్రతి అర్థవివరణలోనూ ఎన్ని పదాలో, ఏ పదం ఎంత పొడవో, కామా ఎక్కడ పడిందో తెలుస్తూనే ఉన్నది. పాత నోటుపుస్తకాలు దొరికినంతవరకు దింపించాను. పొడవు చూచుకొంటూ, అకారాదిలో ముందువెనుక మాటలు చూచుకొంటూ ఒక్కొక్కటే పొదిగాను. రెండేళ్ళలో రెండువందల డెబ్బైమూడు తిరిగివచ్చాయి. నోటుపుస్తకం చెదలు తిన్నవి, పిల్లలు వదులుకాగితాలమీద తెచ్చినవి మిగిలాయి. వాటికోసం మళ్ళీ ఇళ్ళకు వెళితే చెప్పిన పెద్దలలో చాలమంది లేరు. మగ్గాలగుంటలు కొన్ని పూడ్చి పైన సిమెంటు వేశారు.

ఇక గండుపిల్లి తరువాతి కథ చెప్పుకొందాం. మిగిలినవి త్వరగా చెబుతాను.

ఆ రోజుల్లో సర్వరు నడిపినవారందరికీ పర్మ్‌జెన్ అనే పేరు పీడకల. అప్లికేషనును మార్చి మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తే నాలుగవసారో అయిదవసారో మెమరీ చాలదని టామ్‌క్యాట్ కూలబడేది. ఖాళీచేసిన అద్దెదారు ఒక గదికి తాళం వేసుకొని చెవి పట్టుకొనిపోయినట్లు, పాత అప్లికేషను తాలూకు ఏదో ఒక దారం తెగక ఉండిపోవడమే దానికి కారణం. 2010 జనవరినాటి 6.0.24 కూర్పునుండి టామ్‌క్యాట్ ఇట్టి దారాలను కనిపెట్టి చిట్టాలో ఫిర్యాదు వ్రాయడం నేర్చుకొన్నది. 2014 మార్చిలో వచ్చిన జావా 8లో పర్మ్‌జెన్ అనే అరనే తీసివేశారు. తెగని దారాలుంటే కారుట ఇప్పటికీ కారుతుంది, కాని అంత చిన్న గదిలో కాదు.

2020 ఫిబ్రవరిలో ఘోస్ట్‌క్యాట్ అనే రంధ్రం బయటపడింది. ఏజేపీ అని టామ్‌క్యాట్‌కు ఒక ప్రక్కతలుపు ఉన్నది, 8009 దాని సంఖ్య; ముందు నిలిచే వేరొక సర్వరు లోపలికి మాట పంపుకోవడానికి. అది అడగకుండానే తెరిచి ఉండేది. దానిగుండా లోపలి దస్త్రాలు చదువుకోవచ్చునని తేలింది. 9.0.31 మొదలైన కూర్పులలో ఆ తలుపును మూసిపెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. నేను ఆ రాత్రే చూచుకొన్నాను. పదకొండేళ్ళుగా బార్లా తెరిచి ఉన్నది! నా మగ్గంమాటలు దొంగిలించేవాడు ఎవడు అనుకొన్నా, దస్త్రంలో పట్టికల సంకేతపదం ఉన్నది కదా.

గుర్తుపెట్టుకోమన్న జకార్తా సంగతి. ఆ ప్రాజెక్టు 2011 డిసెంబరులో విరమించింది, టామ్‌క్యాట్ అప్పటికే దానినుండి విడివడి వేరు కాపురం పెట్టింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనుక్కొన్నది. తరువాత సర్వరుపక్షపు జావా లక్షణాలన్నిటినీ ఒరాకిల్ ఎక్లిప్స్ ఫౌండేషనుకు అప్పగించింది గాని, జావా అనే పేరును మాత్రం ఇవ్వలేదు. 2018లో కొత్త పేరు కోసం ఓట్లు పెడితే గెలిచినది జకార్తాయే! పేరు మారినందువల్ల ప్రోగ్రాములలో జావాఎక్స్ అని మొదలయ్యేచోట్ల జకార్తా అని మార్చుకోవలసి వచ్చింది. టామ్‌క్యాట్ 10 ఆ కొత్త పేరుతో నడుస్తుంది. ఇంటిపేరు మారిన కోడలి కాగితాలన్నీ తిరగవ్రాయించినంత పని.

నాకు ముఖ్యమైన తేదీ వేరొకటి, 2014. ఆ ఏడాది స్థిరపడిన టామ్‌క్యాట్ 8లో చిరునామాలో వచ్చే మాటను, వేరుగా చెప్పనక్కరలేకుండానే, యూటీఎఫ్-8గా చదవడం మొదలుపెట్టారు. నేను పందొమ్మిది రోజులు వెదికి చేర్చిన ఆ పదబంధం ఇక అవసరం లేదు. 1999నుండి లెక్కవేస్తే పదిహేనేళ్ళు. పాతలక్షణాన్ని అక్షరాలా పాటించితీరాలని పట్టుబట్టేవారికి అందుకొక మీట కూడ ఉంచారు. పదవకూర్పులో ఫారంలోని పాఠానికీ ఇదే మర్యాద దక్కింది. 2022నాటి జావా 18 దస్త్రాలను కూడ యూటీఎఫ్-8గానే భావించసాగింది. గడపలన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకొన్నాయి. ఈ మార్పులు చేసినవారిలో ఎవరూ తెలుగును తలచుకొని చేసి ఉండరు. వారి చర్చలు కొన్ని చదివాను. చైనా, జపాను, రష్యావారి మొరలు కనబడ్డాయి. మనవారివి నా కంట పడలేదు. నేనూ మొరపెట్టుకోలేదు, ఎక్కడ పెట్టుకోవాలో అప్పుడు తెలియదు.

మూడువందల పన్నెండులో ఇంకా ముప్పైతొమ్మిది తేలవలసి ఉన్నది. వాటిలో ఒకటి ఇక్కడ వ్రాస్తాను. ఆరోపంలో ఆరు ప్రశ్నార్థకాలు, నడుమ ఖాళీ లేదు. అకారాదిక్రమం పోయినా వరుస సంఖ్యనుబట్టి పకారాదిపదాల నడుమ చేర్చినది. అర్థవివరణలో మొదట ఆరు పదాలు, కామా, ఆపై 12 అనే అంకె, దానిని అంటిపెట్టుకొని ఒక చిన్న పదం. పోగులో, మూరలో, పుల్లలో తెలియదు. చెప్పినది ఎనిమిదిపదులు దాటిన ఒక అవ్వ అని మాత్రం గుర్తు, తెచ్చినవాడు రెండవ బెంచీలో కూర్చొనేవాడు. మగ్గంపని ఎరిగిన ఇళ్ళనుండి వచ్చినవారు మీలో ఎవరైనా ఉంటే, పకారంతో మొదలై పన్నెండుతో పని ఉన్న మాట ఇంట్లో విన్నట్లయితే, దయచేసి వ్యాఖ్యలో తెలుపగలరు. తప్పైనా ఫరవాలేదు. ప్రశ్నార్థకాలు లెక్కపెట్టి చూచుకొంటాను.